ఐదు గుర్రాల తేడా

2023 మార్చి. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. జగ్గయ్యపేట నుంచి రాఘవయ్యగారు కొత్త కారు వేసుకుని నందిగామలోని మా షెడ్డుకి వచ్చారు. ఊళ్లోకి వెళ్లే పాత రోడ్డు పక్కన ఇరవై ఏళ్లకు పైగా నేను కార్లు బాగుచేస్తున్నాను. కారులో జబ్బు ఎక్కడుందో వెతకడం నాకు ఇష్టమే. కారు తెచ్చినవారు చెప్పే కథ వినడమే విసుగు. అందుకే ఎవరొచ్చినా ముందు తాళాలు అడుగుతాను, తర్వాతే యోగక్షేమాలు. ఆ రోజు ఆయన తాళాలు ఇవ్వలేదు. నీడలో ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఈ బండిని నమ్ముకుని వియ్యాలవారి ముందు పరువు పోగొట్టుకున్నా ప్రసాదూ," అన్నారు.

ఆయనది జగ్గయ్యపేటలో సిమెంటు డీలరు వ్యాపారం. అంతకుముందు చాలా ఏళ్లు డీజిల్ జీపులో క్వారీల చుట్టూ తిరిగిన మనిషి. ఒక్కతే కూతురు, పేరు శిరీష. ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తుంది. ఆ అమ్మాయికి చందర్లపాడు కోటేశ్వరరావుగారి అబ్బాయితో సంబంధం కుదిరింది. కోటేశ్వరరావుగారు మిర్చి, పత్తి వేసే పెద్ద రైతు. చిత్రమేమిటంటే ఆయన కారు కూడా నా దగ్గరికే వస్తుంది. ఇద్దరి బళ్ల గుట్టూ నాకు తెలుసు కాబట్టి, ఆ కథలో నేను ఇరుక్కోక తప్పలేదు.

గొడవ తాంబూలాలు పుచ్చుకున్న రోజే మొదలైందట. భోజనాలయ్యాక మగవాళ్లు బయట కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. రాఘవయ్యగారు ముచ్చటపడి కొత్త కారు బానెట్ ఎత్తి చూపించారు. కోటేశ్వరరావుగారు లోపలికి తొంగిచూసి, వెయ్యి సీసీ ఇంజనేనా, మా చేలో నీళ్ల మోటారు ఇంతకన్నా పెద్దదిగా ఉంటుందే అన్నారు. అందరూ నవ్వారు. రాఘవయ్యగారు నవ్వలేదు. లోపలికెళ్లి కంపెనీవాళ్లిచ్చిన పుస్తకం తెచ్చి, మాది టర్బో అండీ, నూట ఇరవై హార్స్ పవర్, మీ పదిహేను వందల సీసీకి ఎంతో చెప్పండి అని అడిగారు. అది నూట పదిహేను. కోటేశ్వరరావుగారికి ఆ అంకె గుర్తే, కానీ పైకి చెప్పలేదు. ఆడపెళ్లివారి బండికి ఐదు గుర్రాలు ఎక్కువని అందరి ఎదుటా చెప్పించుకోవడం ఏ మగపెళ్లివారికైనా కష్టమే.

ఇక్కడ చదివేవారికి చిన్న పాఠం చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. కోటేశ్వరరావుగారి కారుది న్యాచురల్లీ యాస్పిరేటెడ్ ఇంజన్. అంటే దానికి కావలసిన గాలి అదే పీల్చుకుంటుంది. మామూలు కట్టెల పొయ్యి లాంటిది. రాఘవయ్యగారిది టర్బోచార్జ్‌డ్. ఇంజన్ చిన్నది, కానీ గాలిని లోపలికి బలవంతంగా నెట్టడానికి ఒక చిన్న చక్రం ఉంటుంది. ఊదుగొట్టం పెట్టి ఊదిన పొయ్యి అన్నమాట. చిన్న పొయ్యి అయినా ఊదితే మంట పెద్ద పొయ్యికి దీటుగా లేస్తుంది. తిరకాసు ఒక్కటే. ఆ చక్రాన్ని తిప్పేది ఇంజన్ వదిలే పొగే. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంటే పొగ తక్కువ, ఊదడమూ తక్కువ. దాన్నే టర్బో లాగ్ అంటారు. ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పేది ఆర్పీఎం. ఈ రకం బళ్లలో పదిహేడు, పద్ధెనిమిది వందల ఆర్పీఎం దాటితేగాని టర్బో నిద్ర లేవదు.

తాంబూలాల తర్వాత పది రోజులకి రెండు కుటుంబాలూ పెళ్లి బట్టలకని రెండు కార్లలో బయల్దేరాయి. దారిలో ముక్త్యాల వైపు ఒక బంధువుల ఇంటికి వెళ్లి, వాళ్లనీ ఎక్కించుకున్నారు. అక్కణ్నుంచి తిరిగి వస్తూ ఎత్తు ఎక్కేచోట, ఆడవాళ్లందరూ ఎక్కిన రాఘవయ్యగారి టర్బో కారు ముక్కింది, వణికింది, చివరికి ఆగిపోయింది. వెనక సిమెంటు లారీలు వరసగా నిలబడ్డాయి. కోటేశ్వరరావుగారు తన పాత కారులో పక్కనుంచి నింపాదిగా ఎక్కిపోతూ హారన్ కొట్టారు. అక్కడితో ఆగితే బాగుండేది. బట్టల కొట్లో మెట్లెక్కుతూ, ఊదితే ఎగిరేవన్నీ గుర్రాలు కావులెండి అన్నారట. రాఘవయ్యగారు చీరలు చూడకుండానే వెనక్కి వచ్చేశారు.

అప్పటినుంచి ఫోన్లు లేవు. "బావగారూ" అని ఒకరినొకరు తేనెలొలికేలా పిలుచుకున్న వియ్యంకులు, ఇప్పుడు "ఆ జగ్గయ్యపేటాయన", "ఆ చందర్లపాడు పెద్దమనిషి" అయ్యారు.

నేను కారు తీసుకుని చూడవలసినవన్నీ చూశాను. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంది. స్పార్క్ ప్లగ్గులు కొత్తవి. టర్బో నుంచి ఇంజన్‌కి వెళ్లే గొట్టం ఎక్కడా లీకు లేదు. నేను నడిపితే బండి చక్కగా పరిగెత్తింది. అప్పుడు నాకు అనుమానం వచ్చి, ఆయన్ని నడపమని నేను పక్కన కూర్చున్నాను. ఇంకేముంది, షెడ్డు దాటి పెట్రోలు బంకు చేరేలోపలే ఆయన ఐదో గేరులో ఉన్నారు. స్పీడు ముప్పై. ఆర్పీఎం ముల్లు వెయ్యి దగ్గర పడుకుని ఉంది. ఇంజన్ డాష్‌బోర్డంతా ఊపుతూ గొణుగుతోంది. ఆయనకి అది వినపడటం లేదు.

మా వైపు పెద్దవాళ్లలో ఈ అలవాటు చాలామందికి ఉంది. ట్రాక్టరు మీదా డీజిల్ జీపు మీదా చెయ్యి తిరిగినవాళ్లు. ఆ పాత డీజిల్ ఇంజన్లు ఎంత కిందికి దిగినా లాగేవి. టాప్ గేరులో పెడితే ఆయిలు మిగులుతుందని, ఇంజన్ అరిస్తే అరిగిపోతుందని ఒక నమ్మకం. ఎంత త్వరగా పై గేరు వేస్తే అంత మంచి డ్రైవరు. బండి కాస్త గొంతెత్తితే పక్కసీట్లో ఉన్న భార్య కూడా, అదేంటండీ బండిని అలా ఏడిపిస్తున్నారు అంటుంది.

ఎత్తు వచ్చినప్పుడు సెకండ్ వేసి కాస్త ఆర్పీఎం ఇవ్వండి, టర్బో లేస్తుంది అని మెత్తగా చెప్పి చూశాను. రాఘవయ్యగారు బండి పక్కకి ఆపి నావైపు తిరిగారు.

"నేను క్వారీ గుంటల్లో జీపెక్కించేప్పటికి నువ్వు నిక్కర్లేసుకుని తిరుగుతున్నావ్. బండి సంగతి చూడవయ్యా అంటే నా సంగతి చూస్తావేంటి?"

మనిషికి షుగరుందని చెప్పొచ్చు, బీపీ ఉందని చెప్పొచ్చు, డ్రైవింగ్ సరిగ్గా లేదని మాత్రం మన దేశంలో ఎవరికీ చెప్పకూడదు. ఏ లోపమూ లేదని చెప్పి బండి అప్పగించాను. ఆయన అలిగే వెళ్లారు.

వారం తిరక్కుండా శిరీష స్కూటీ మీద వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, చున్నీ మీద తెల్లటి దుమ్ము అలాగే ఉంది. వాళ్ల నాన్నకి చెప్పొద్దని ముందే మాట తీసుకుంది. వైశాఖంలో ముహూర్తం పెట్టారు. శుభలేఖలు అచ్చుకి వెళ్లాలంటే ఇద్దరూ కూర్చుని పేర్లు, వరసలు చూసుకోవాలి. ముందు ఎవరు ఫోన్ చెయ్యాలన్నది తేలక ఆ పని అక్కడే ఆగిపోయింది. అబ్బాయి తండ్రికి చెప్పి చూశాడట. ఆయన, ముందు వాళ్ల బండి లాగదని ఒప్పుకోమను అన్నారట. ఈలోగా రాఘవయ్యగారు బంధువుల దగ్గర మరో సంబంధం సంగతి కదిపారు.

"నాకు ఆయనే కావాలి అంకుల్. కారు ఏదైనా నాకొకటే. మీరంటే ఇద్దరికీ గురి, ఏదో ఒకటి చెయ్యండి," అంది.

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఐదు గుర్రాలు. అవి కూడా పుస్తకంలో ఉన్నవి. వాటికోసం బంగారంలాంటి పెళ్లి ఆగేలా ఉంది. ఇద్దరినీ కూర్చోబెట్టి చీవాట్లు పెట్టాలనిపించింది కానీ, చీవాట్లు పెట్టేవాడి దగ్గరికి మళ్లీ సర్వీసుకి ఎవరొస్తారు? ఆలోచిస్తే ఒకటి తట్టింది. రాఘవయ్యగారికి తన తప్పు తన చేతిలో కనపడదు. ఎదుటివాడి చేతిలో అయితే వెంటనే కనపడుతుంది. అందులోనూ ఆ ఎదుటివాడు వియ్యంకుడైతే భూతద్దం అక్కర్లేదు.

ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేశాను. ఏ ఇంజన్ గొప్పదో నేను తేల్చి చెబుతాను, కానీ ఒక షరతు, ఎవరి బండి వాళ్లు నడపకూడదు అన్నాను. ఎవరిది వాళ్లు నడిపితే గెలిచింది బండో డ్రైవరో తెలియదు కదా అని న్యాయం చెప్పాను. కోటేశ్వరరావుగారు వెంటనే ఒప్పుకున్నారు. ఆ బుల్లి ఇంజన్‌ని నాకొదులు, దాని సంగతి నేను చెబుతా అన్నారు. రాఘవయ్యగారు కూడా ఇంచుమించు ఆ మాటే అన్నారు. తన బండిని ఎదుటివాడు నడుపుతాడన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ స్ఫురించలేదు.

ఆదివారం పొద్దున్నే ముక్త్యాల రోడ్డు నుంచి చీలే పాత క్వారీ దారికి చేరాం. శిరీష కూడా వాళ్ల నాన్నతో వచ్చింది. ఆ క్వారీ మూతపడింది కాబట్టి అటు లారీలు రావు. దారి మాత్రం నిటారుగా ఎక్కుతుంది. బండ్లలో సమానంగా బరువుండాలని నేను అన్నదే తడవు, రాఘవయ్యగారు కొట్లోంచి సిమెంటు బస్తాలు తెప్పించారు. సిమెంటు ఆయన సొంత సరుకు, తూకంలో ఏం చేశారో ఎవరికి తెలుసని కోటేశ్వరరావుగారు నాతో గొణిగి, తన మిర్చి బస్తాలు తెప్పించి రెండు కార్లలోనూ వేయించారు. బస్తా బరువుకి బస్తా బరువు ఎలా సరిపోతుందని ఇద్దరూ నా ద్వారానే వాదించుకున్నారు. చివరికి ఆ బస్తాలన్నీ రోడ్డు పక్కన పెట్టించి, మనుషులే బరువు అని తేల్చాను. ముందు సీట్లలో వియ్యంకులు, వెనక నేనూ శిరీషా. అప్పటికే మిర్చి ఘాటు రెండు కార్లలోనూ పట్టేసింది. పరీక్ష జరిగినంతసేపూ ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నాం.

మొదట టర్బో కారు. స్టీరింగ్ దగ్గర కోటేశ్వరరావుగారు, పక్కన రాఘవయ్యగారు. బండికి స్కానర్ తగిలించి ఫోన్‌లో ఆర్పీఎం చూస్తున్నాను. కోటేశ్వరరావుగారిదీ ట్రాక్టరు చెయ్యే. ఒకటి, రెండు, మూడు, నాలుగు, గబగబా వేసేశారు. ఎత్తు మొదలయ్యేసరికి బండి నాలుగో గేరులో పన్నెండు వందల దగ్గర ఉంది. ఇంకాస్త ఎక్కేసరికి వెయ్యి. బండి జ్వరమొచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది.

రాఘవయ్యగారు సీటు అంచు పట్టుకున్నారు. "ప్రసాదూ, గేరు తగ్గించమని చెప్పు," అన్నారు, ముందుకే చూస్తూ. నేను జడ్జిని, మాట్లాడకూడదు అన్నాను. ఆయన వెనక్కి తిరిగి, "అమ్మాయ్, నువ్వైనా చెప్పు," అన్నారు. శిరీష కిటికీలోంచి క్వారీ గుట్టల్ని శ్రద్ధగా చూస్తోంది. బండి ఇంకా కుంగింది. తన కొత్త కారు తన కళ్లముందే కన్నుమూసేలా ఉంది. ఇక ఆయనకి ఆగలేదు.

"బావగారూ! సెకండ్ వెయ్యండి, సెకండ్! కాస్త తొక్కండి, టర్బో లేవాలి!"

వారం కిందట నేను చెబితే కోపమొచ్చిన మాట అదే. కోటేశ్వరరావుగారు కంగారులో సెకండ్ వేసి తొక్కారు. ముల్లు రెండు వేలు దాటింది. ఊదుగొట్టం పని మొదలుపెట్టింది. మా అందరి తలలూ వెనక్కి సీట్లకి కొట్టుకున్నాయి. బండి ఎత్తంతా ఒక్క గుక్కలో ఎక్కేసింది. పైన చదునులో ఆపాక కోటేశ్వరరావుగారు కాసేపు స్టీరింగ్ వదల్లేదు.

"ఏంటి బావగారూ ఇది, ఇంతలా పోతుందా?" అన్నారు మెల్లగా.

"ఏమో బావగారూ, నేనూ ఇప్పుడే చూశా," అన్నారు రాఘవయ్యగారు.

తర్వాత పాత కారు. ఈసారి రాఘవయ్యగారు నడుపుతున్నారు. ఆయన కూడా నాలుగో గేరులోనే ఎత్తుకి వెళ్లారు. ఇంజన్ పెద్దది, తన గాలి తనే పీల్చుకునేది కాబట్టి ఆ తక్కువ ఆర్పీఎంలో కూడా ముక్కుతూ మూలుగుతూ ఆగకుండా ఎక్కింది. కోటేశ్వరరావుగారు మీసం సవరించుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ ఇద్దరిలా నడిపేవాళ్లకి ఆ బండే నయం. కానీ ఆ ముక్క చెప్పి ఊరుకుంటే గొడవ మళ్లీ మొదటికొస్తుంది. అందుకని కిందికి దించి ఇంకోసారి ఎక్కించమన్నాను. ఈసారి సెకండ్‌లోనే ఉంచి పూర్తిగా తొక్కమన్నాను. ముల్లు మూడు, నాలుగు, ఐదు వేలు దాటింది. ఇంజన్ గొంతు చించుకుంటోంది. బండి దూసుకుపోతోంది. ఆరు వేలు చేరేలోపల కోటేశ్వరరావుగారు డాష్‌బోర్డు మీద రెండు చేతులూ పెట్టేశారు.

"ఆపండి బావగారూ, నా బండిని చంపేస్తారా? ఇది ఇలా అరవడం నేనెప్పుడూ వినలా."

అప్పుడు తీర్పు చెప్పాను. మీరు కొట్టుకుంటున్న నూట ఇరవై అయినా, నూట పదిహేను అయినా ఆ ఆరు వేల దగ్గరే ఉంటాయి. మీరిద్దరూ రెండు వేలు దాటింది లేదు. వెయ్యీ పన్నెండు వందల్లో మీ కాలికింద ఉండేది ఇరవైకి కాస్త అటూ ఇటూ. మిగతా గుర్రాలన్నీ బండి కొన్న రోజు నుంచి కట్టుకొయ్యకే ఉన్నాయి, వాటికి మేత కూడా దండగ. ఇదీ నా మాట.

ఇద్దరూ సిగ్గుపడి చేతులు కలుపుతారని అనుకున్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి నావైపు తిరిగారు.

"అంటే మాకు డ్రైవింగ్ రాదంటావా?" అన్నారు కోటేశ్వరరావుగారు.

"మొన్న షెడ్డులో నాతోనూ ఇదే మాట బావగారూ. నలభై ఏళ్లు జీపు నడిపా, ఒక్క సొట్ట లేదు," అన్నారు రాఘవయ్యగారు.

ఆపైన పది నిమిషాలు నన్ను ఆడిపోసుకున్నారు. ఈ కాలం మెకానిక్కులకి చెవి లేదనీ, ఫోను చూసి ఇంజన్ నాడి పట్టేవాడిని నమ్మకూడదనీ ఒకరు మొదలుపెడితే ఇంకొకరు పూర్తి చేశారు. నాకు మొదట ఒళ్లు మండింది. తర్వాత శిరీష మొహం చూశాను. ఆ పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్లలో నీళ్లున్నాయి. మిర్చి ఘాటుకి అని తర్వాత చెప్పింది. నేను నమ్మలేదు. ఆ తిట్లన్నీ ఎంతో హాయిగా తిన్నాను.

ఇద్దరూ టిఫిను చేస్తూ శుభలేఖ సంగతి మాట్లాడుకోవాలని జగ్గయ్యపేట బయల్దేరారు. టర్బో కారు ఎవరు నడపాలన్న దగ్గర మళ్లీ మొహమాటం వచ్చింది, మీరంటే మీరు. ఆ సందులో శిరీష తాళాలు తీసుకుని స్టీరింగ్ దగ్గర కూర్చుంది. కొత్త బండి అని వాళ్ల నాన్న అంతవరకూ ముట్టుకోనివ్వలేదట. దారి మలుపు దగ్గర ఇంకో ఎత్తుంది. ఆ అమ్మాయి సెకండ్ వేసి, కావలసినంత తొక్కి, చక్కగా ఎక్కించింది. వెనక సీట్లో ఇద్దరు పెద్దమనుషులూ చెరో పక్క పిడి పట్టుకుని వేళ్లాడుతూ ఉండటం దూరం నుంచి నాకు కనపడింది. కోటేశ్వరరావుగారి కారు వెనక్కి తెచ్చే పనీ, ఆ బస్తాలన్నీ ఆటో పిలిపించి చేరవేయించే పనీ మాత్రం నాకే మిగిలాయి.

వైశాఖంలో పెళ్లి జరిగింది. నేనూ వెళ్లాను. ఊరేగింపుకి ఎవరి కారు పెట్టాలన్నది ఇద్దరూ తేల్చుకోలేక రెండింటికీ పూలు కట్టించారు. ఒకదాంట్లో పెళ్లికొడుకు, పెళ్లికూతురు. రెండోదాంట్లో వాళ్ల స్నేహితులు. మేళం వెనక నడక వేగాన, రెండు బళ్లూ వెయ్యి ఆర్పీఎం దాటకుండా ఊరంతా తిరిగాయి.

ఆ కేసు తర్వాత నా పద్ధతి మారింది. బండి లాగట్లేదని ఎవరొచ్చినా స్పానర్ పట్టుకునే ముందు పక్కసీట్లో కూర్చుంటున్నాను. టర్బో మంచిదా, మామూలుది మంచిదా అని అడిగితే, నువ్వు ఏ గేరులో బతుకుతావో చెప్పు, అప్పుడు చెబుతా అంటున్నాను. తప్పు కనపడినా నేను చెప్పను. వాళ్ల బావగారినో తోడల్లుడినో తీసుకురమ్మంటాను.

మొన్న శిరీష సర్వీసుకి వచ్చినప్పుడు వియ్యంకుల సంగతి అడిగాను. ఇప్పుడు ఏ పెళ్లికెళ్లినా ఇద్దరూ ఒక్క కారులోనే వెళ్తున్నారట. ఎత్తు రాగానే పక్కనున్నాయన, "బావగారూ, సెకండ్," అంటారట. నడిపే ఆయన, "నాకు తెలుసులెండి బావగారూ," అంటారట. సెకండ్ మాత్రం వెయ్యరట. బండి ముక్కుతూ మూలుగుతూ ఎక్కుతుంటే, ఇద్దరూ కబుర్లలో పడి అది వినిపించుకోనే వినిపించుకోరట.